నేను చదవని డిమాండు

పింఛను విషయంలో నాకు తెలియని జీవో లేదని మా మూడు జిల్లాల టీచర్లలో నాకొక పేరుండేది. గద్వాల నుంచి, కొత్తకోట నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి రిటైరైనవాళ్లు కాగితాలన్నీ ఒక కవర్లో కుక్కుకుని వనపర్తిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. భర్త పోయిన ఆడవాళ్లకూ, భార్య పోయిన మగవాళ్లకూ కుటుంబ పింఛను దరఖాస్తులు నా చేత్తోనే నింపి ఇచ్చాను. ధర్నాల్లో "పింఛను భిక్ష కాదు, మా హక్కు" అని అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి కూడా నేనే. మా టీచర్ల సంఘంలో ఉమ్మడి జిల్లా కార్యదర్శిని. అంత పేరు పెట్టుకుని నేను చేసిన పని ఒకటుంది. అది ఇన్నాళ్లకు రాస్తున్నాను.

అమరచింత హైస్కూల్లో నేను పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. అక్కడ హిందీ చెప్పే మేడం నాకంటే అయిదారేళ్లు పెద్ద. అంతకు ముందు గద్వాలలో పనిచేసినప్పుడు ఆమె ఒక చేనేత కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉండేదట. అమరచింతకు బదిలీ అయినప్పుడు ఆ ఇంటి ఆడపిల్ల కూడా మేడం వెంట వచ్చేసింది. ఇంట్లోవాళ్లు రెండు సంబంధాలు తెస్తే రెండూ కాదన్న మనిషి. వచ్చిన ఏడాదికే అద్దె ఇంటి వెనక రేకుల పందిరి వేయించి మగ్గం పెట్టుకుంది. మేమంతా ఆమెను గద్వాల అక్క అనేవాళ్లం. మేడంకు తర్వాత ఆత్మకూరు బదిలీ అయింది, ఆ తర్వాత ఇంకెక్కడికో అయింది. ఇల్లు మాత్రం అమరచింతలోనే ఉండిపోయింది. ఆ ఇద్దరూ ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద బతికారు.

పదో తరగతి పేపర్లు దిద్దే రోజుల్లో మధ్యాహ్నం మమ్మల్ని ఇద్దరు ముగ్గుర్ని మేడం ఇంటికి అన్నానికి పిలిచేది. జొన్నరొట్టె, పుంటికూర, గట్టి పప్పు. అక్క వడ్డించేది. వడ్డించే ముందు మేడం బీపీ గోలీ ఒకటి తీసి కంచం అంచున పెట్టేది. మేడం మాటల్లో పడి మరిచిపోతే, "ఆడ పెట్టిన, కనపడ్తలేదా?" అని గదమాయించేది. మేడం నవ్వుతూ మింగేది. మా ఇంట్లో నాకూ మా ఆవిడకూ మధ్య నడిచేదే అక్కడా నడిచేది. అది మా అందరికీ తెలుసు. పైకి మాత్రం అక్కచెల్లెళ్ల లెక్క ఉన్నారనేవాళ్లం. స్టాఫ్‌రూంలో మేడం లేనప్పుడు ఎవరైనా ఒక మాట విసిరితే అందరూ మూతులు దాచుకుని నవ్వేవారు. నేను పేపర్లోకి చూసేవాణ్ణి.

మేడం రిటైరైన రెండేళ్లకే కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాదు దవాఖానలో ఆపరేషన్‌కు ముందు సంతకం ఎవరు పెడతారని అడిగితే అక్క ముందుకు వెళ్లిందట. "మీరు ఆమెకు ఏమవుతారు?" అన్నారట. అక్క ఏం చెప్పిందో నాకు తెలియదు. మహబూబ్‌నగర్ నుంచి మేడం తమ్ముడు వచ్చేదాకా ఆ కాగితం అలాగే ఉండిపోయిందని మాత్రం విన్నాను. మూడు నెలలకు మేడం చనిపోయింది. తమ్ముడే తలకొరివి పెట్టాడు. అమరచింతకు నేనూ వెళ్లాను. అక్క ఇంటి లోపల, చుట్టాలందరికీ వెనకాల, చాకిరీకి వచ్చిన మనిషిలాగా నిలబడి ఉంది. ఆమె పక్కకు వెళ్లి ఒక్క మాట మాట్లాడలేదు నేను. తమ్ముడికి దండం పెట్టి వచ్చేశాను.

నెల తర్వాత అక్క మా ఇంటికి వచ్చింది. మేడం పేరు మీద పొదుపు చేసుకున్నవి కొన్ని నామినీగా అక్కకు వచ్చాయి. పింఛను ఆగిపోయింది. దాని గురించి అడగడానికి వచ్చింది. నేను నా అలవాటు ప్రకారం నియమం చెప్పాను. కుటుంబ పింఛనుకు నామినీ అనేది చెల్లదు, భార్యకో భర్తకో వస్తుంది, వాళ్లు లేకపోతే పిల్లలకు, ఆధారపడ్డ తల్లిదండ్రులకు.

"మరి నేనేమైత సారూ?" అంది.

"రూల్ల లేదక్కా," అన్నాను.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "రూలు ఎవరు రాస్తరు?" అని అడిగింది. ప్రభుత్వం రాస్తుందని చెప్పాను. "మరి మీ సంఘపోళ్లు కొట్లాడితే రూల్లు మారినయ్ గద ఇంతకు ముందు?"

మారాయి. ఆ మాట నేనే వందసార్లు మైకులో చెప్పాను.

అక్కకు అప్పటికే హైదరాబాదులో ఇలాంటి జంటల కేసులు చూసే ఒక వకీలమ్మ పరిచయమైంది. ఇద్దరు ఆడవాళ్లు గానీ, ఇద్దరు మగవాళ్లు గానీ కలిసి బతికి ఒకరు చనిపోతే మిగిలినవాళ్లకు పింఛను రావాలని వాళ్లు పిటిషన్ తయారు చేస్తున్నారు. ఉద్యోగుల సంఘాలు ఏవైనా మద్దతు ఇస్తే బలం ఉంటుందని ఆ వకీలమ్మ చెప్పిందట. అక్క ఒక కాగితం మడత విప్పి నా చేతికిచ్చింది. ఒక్క వాక్యం టైపు చేసి ఉంది. స్వలింగ జీవిత భాగస్వాములకు కూడా కుటుంబ పింఛను వర్తింపజేయాలి.

"మీ మహాసభ ఉందంట గద వచ్చే నెల. డిమాండ్లల్ల గిదొగటి పెట్టు సారూ. మేడం ముప్పై ఏండ్లు మీ సంఘంకు చందా కట్టింది."

మా ఆవిడ చాయ్ తెచ్చి ఇస్తూ ఆ మాట విన్నది. "పెట్టుండ్రి, దాంట్ల తప్పేముంది?" అంది.

"తప్పకుంట పెడ్త అక్కా," అన్నాను. ఆ నిమిషంలో నిజంగానే అన్నాను.

డిమాండ్ల పత్రంలో దాన్ని పద్నాలుగోదిగా, చిట్టచివర టైపు చేయించాను. మహాసభకు రెండు రోజుల ముందు కార్యవర్గం కూర్చున్నప్పుడు మా అధ్యక్షుడు పత్రం చదువుతూ చివరికొచ్చి ఆగాడు.

"ఏందన్నా ఇది? పాత పింఛను కోసం మనం సస్తుంటే నువ్వు గీ ముచ్చట తెచ్చినవ్?"

ఎవరి గురించో అందరికీ వెంటనే అర్థమైంది. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒకాయన చనిపోయిన మేడం మీద ఒక జోకు వేశాడు. అది ఇక్కడ రాయను. అందరూ పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆమె ఇంట్లో పుంటికూర తిన్న నోటితో నవ్వాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నవ్వకుండా కూర్చుంటే వాళ్లు నన్ను ఎలా చూస్తారోనని నవ్వాను.

"తీసెయ్యమంటలేను. సదివేది నువ్వే, నీ ఇష్టం," అన్నాడు అధ్యక్షుడు.

మహాసభ వనపర్తిలోనే ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. నేను డిమాండ్ల పత్రం పట్టుకుని మైకు ముందుకు వెళ్లినప్పుడు ఆడవాళ్ల వైపు చివరి వరసలో గద్వాల అక్క కనిపించింది. ఆమెకు ఆహ్వానం లేదు. వినడానికే అమరచింత నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. తను నేసిందే కావచ్చు, ఆకుపచ్చ చీర, జరీ అంచుది కట్టుకుని ఉంది. కొంగు చుట్టూ కప్పుకుని, గుడిలో కూర్చున్నట్టు కూర్చుంది.

ఒక్కొక్కటీ చదువుకుంటూ పోయాను. ప్రతిదానికీ చప్పట్లు పడ్డాయి. పదమూడోది అయ్యింది. పద్నాలుగోది నా కళ్ల ముందే ఉంది. 'స్వలింగ' అనే మాట నాలుక మీదికి వచ్చింది. ముందు వరసలో మొన్న నవ్విన మొహాలే ఉన్నాయి. కాగితం మడిచి "విప్లవాభివందనాలు" అని వచ్చి కూర్చున్నాను. పదమూడోదాని చప్పట్లే ఇంకా మోగుతున్నాయి.

భోజనాల దగ్గర అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "సారూ, పదమూడుకే ఆపినవ్?"

"టైం సరిపోలేదక్కా. లోపల రాసుకున్నరులే, రికార్డుల ఉంటది."

టైం లేకపోవడం ఏమిటి? నా తర్వాత కళాబృందం అరగంట పాటలు పాడింది. ఆమె అది కూడా కూర్చుని విన్నది. నా మొహంలోకి ఒకసారి చూసి, "సరే సారూ. బస్సు టైమయింది, పోత," అని వెళ్లిపోయింది. అన్నం తినలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ అడిగింది. "అక్క కాయితం చదివినవా?"

"చదివిన," అన్నాను.

తర్వాత రెండు నెలలు అక్క ఊసు లేదు. ఒక పెద్దమనిషి పింఛను పని మీద గద్వాల కలెక్టరాఫీసుకు వెళ్లినప్పుడు గేటు దగ్గర ఆమె కనిపించింది. చేతిలో అట్ట, అట్టకు గుచ్చిన కాగితాలు. వచ్చేపోయేవాళ్లను ఆపి ఏదో చెబుతోంది. ఒకాయన విని, చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాడు. ఇంకొకామె విని సంతకం పెట్టింది. నేను ఆమె చూడకముందే వెనక్కి తిరిగి పక్క సందులోంచి లోపలికి వెళ్లాను. పని అయ్యాక కూడా అదే సందులోంచి బయటపడ్డాను.

ఆ వారంలోనే ఆమె మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఈసారి నా కోసం కాదు, ఆ పింఛను అర్జీ మీద మా ఆవిడ సంతకం కోసం. మా ఆవిడ కాగితం చదివి, "నా సంతకం ఎందుకక్కా? మా సారు మహాసభలనే చదివిండు గద. అంత పెద్ద సంఘం చెప్పినంక మాలాంటోళ్లం ఎంత?" అంది.

అక్క నా వైపు చూడలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"ఔ చెల్లే. మంచిగ సదివిండు," అంది. "అయినా ఎన్ని ఉంటే అంత మంచిది."

మా ఆవిడ సంతకం పెట్టింది. పెట్టి, "రేపు ఈయనకేమన్న అయితే నన్ను ఎవరూ ఏమవుతవని అడగరు. పాసుబుక్కు, ఫొటో ఇస్తే అయిపాయె. గింత సులువుదా అని ఎన్నడూ అనుకోలే," అంది.

అక్క వెళ్లిపోయాక మా ఆవిడ గ్లాసులు తీస్తూ, నా వైపు చూడకుండానే అంది. "నువ్వు సదవలే గద."

నేను పక్కనున్న పేపరు అందుకున్నాను.

"ఆమె నిన్ను కాపాడుతుంటే నీ మొహం చూసిన."

చెప్పులేసుకుని బస్టాండుకు దాదాపు పరుగెత్తాను. అక్క ఆత్మకూరు బస్సు కోసం నిలబడి ఉంది. తప్పయిందని చెబుదామని వెళ్లాను. నోట్లోంచి ఆ మాట రాలేదు. "కొన్ని కాయితాలు ఇయ్యక్కా, కొత్తకోట దిక్కు నేను తిరుగుత," అన్నాను. ఆమె ఒక నిమిషం ఆలోచించి సగం కట్ట తీసి ఇచ్చింది.

ఇంతటితో నేను మారిపోయానని రాయగలిగితే బాగుండేది.

కొత్తకోటలో పింఛనుదార్లు నెలకోసారి కలుస్తారు. అక్కడ నాకు మంచి గౌరవం. కాగితం తీశాను. "ఏంది సార్ ఇది?" అన్నారు. విషయం చెప్పాలి. ఎదురుగా ముప్పై ఏళ్లుగా తెలిసిన మొహాలు. "ఒంటరి ఆడోళ్ల పింఛనుది. జర సంతకాలు పెట్టుండ్రి," అన్నాను. నేను తెచ్చిన కాగితాన్ని ఎవరు చదువుతారు? కళ్లద్దాలు కూడా తీయకుండా వరసగా సంతకాలు పెట్టారు. వనపర్తిలో అలాగే, నాగర్‌కర్నూల్ పోయి అక్కడా అలాగే తెచ్చాను. మూడు వారాల్లో కాగితాలన్నీ నిండిపోయాయి. తీసుకెళ్లి అమరచింతలో అక్కకు ఇచ్చాను.

ఆమె మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది. ఒక్కొక్క పేజీ తిప్పి, ఆ పేర్లను వేలితో తడిమి చూసుకుంది. "గింతమందా సారూ? వీళ్లందరు ఒప్పుకున్నరా?" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు రావడం మొదటిసారి అప్పుడే చూశాను. మేడం చనిపోయిన రోజున నేను ఆమె దగ్గరికి పోనేలేదు కదా.

"ఒప్పుకున్నరక్కా," అన్నాను.

పది రోజులకు ఫోన్ చేసి రమ్మంది. వెళ్లాను. మేడం ఫొటో కింద చాప మీద ఆ కాగితాలు పెట్టుకుని కూర్చుని ఉంది. బస్సులో కొత్తకోట సారు ఒకాయన కలిస్తే, సంతకం పెట్టినందుకు దండం పెట్టిందట. ఆయన, "దాందేముందమ్మా, ఒంటరాడోళ్లకు సాయం చేసుడు మంచిదే గద," అన్నాడట.

"నువ్వు అందరికి గట్లనే సెప్పినవా?"

"ఔనక్కా."

ఆమె ఆ కాగితాల అంచులు సరిచేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఒంటరి మహిళ అని రాసుకుంటే సర్కారు నెలనెల ఇస్తదని మా ఊరి పంచాయతి కార్యదర్శి అప్పుడే సెప్పిండు. రాయలే నేను. ముప్పై ఏండ్లు సంసారం జేసి ఒంటరిదాన్ని అని ఎట్ల రాస్త? సచ్చిపోయినామెను లేనే లేదన్నట్టు అయితది. నువ్వు నాకు గా మాటనే తగిలించి ఊరంత తిరిగినవ్ సారూ."

నేను చాప మీద కూర్చుని ఉన్నాను. అప్పుడు చెప్పాను. మహాసభలో టైం లేక కాదని, కావాలనే చదవలేదని. కార్యవర్గంలో నవ్వానని కూడా చెప్పాను. జోకు ఏమిటని ఆమె అడగలేదు.

"మంచిగ సదివిండు అని నీ భార్య ముందట అంటి గద, అప్పుడు నీకు సిగ్గయి, ఇగనన్న నలుగురి ముందట నువ్వే సదువుతవనుకున్న," అంది. కాగితాల కట్ట నా ముందుకు జరిపింది. "ఇవి నాకొద్దు. తీస్కపో. ఎవలెవలి దగ్గర తెచ్చినవో వాళ్లకు ఉన్నది ఉన్నట్టు సెప్పు. ఉంచుతమన్నోళ్లయి ఉంచు, వద్దన్నోళ్లయి కొట్టెయ్."

అలా మళ్లీ బయలుదేరాను. కొత్తకోటలో మొదటి ఇంట్లో 'స్వలింగ' అనే మాట పైకి అనడానికి నాకు రెండు గ్లాసుల నీళ్లు పట్టాయి. ఆయన నా తోటి లెక్కల సారే. విని, లోపల కోడలు ఉందని సైగ చేసి నన్ను గేటు బయటికి తీసుకొచ్చి, "నువ్వు గిట్ల మోసం చేస్తవనుకోలే," అని తన పేరు తానే కొట్టేశాడు. పెన్ను గట్టిగా అదమడంతో కాగితం చిరిగింది. ఆయన అన్నది నిజమే, మోసమే. ఇంకొకామె తలుపు తీసి విషయం విని వెంటనే తలుపు వేసేసింది. ఒకాయన, "నీకెందుకింత పట్టింది? నువ్వు కూడనా?" అన్నాడు. మునుపైతే ఆ మాటకు ప్రాణం పోయేది. "కాదు. అయితే మాత్రం ఏమైతది?" అన్నాను.

పేజీలకు పేజీలు కొట్టివేతలయ్యాయి. ఒక్కో పేజీలో రెండు పేర్లు, మూడు పేర్లు మిగిలాయి. నాగర్‌కర్నూల్లో ఒక ముసలి డ్రాయింగ్ మాస్టారు మాత్రం నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. ఆయన కూడా ఒకప్పుడు అమరచింతలో మాతో పనిచేసినవాడే.

"ఆమె కోసమా? ముందే సెప్పొద్దా?" అన్నాడు. "ఆ ఇంట్ల అన్నం తిన్న నేను. వాళ్లిద్దరు ఏమైతరో తెల్వదంటే పురుగులు పడి పోత." సంతకం కింద తన పింఛను నంబరు కూడా రాశాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, "మనం అప్పుడే అనాల్నుండె సార్, బతికున్నప్పుడు," అన్నాడు.

మిగిలిన సంతకాలతో, అక్క సొంతంగా గద్వాలలో, ఆత్మకూరులో తెచ్చినవాటితో కలిపి ఒక సోమవారం వనపర్తి కలెక్టరాఫీసులో, అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాం. టోకెన్ తీసుకుని వరసలో కూర్చున్నాం. మా వంతు వచ్చినప్పుడు అధికారి అక్కను అడిగాడు. "మీరు ఆ టీచరుకు ఏమవుతారమ్మా?"

నేను నోరు తెరవబోయాను. అక్క నా మోచేతిని పట్టుకుని ఆపింది.

"మేం ఆలుమొగల లెక్క బతికినం సార్," అంది. గొంతు తగ్గించలేదు. వెనక కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి. అధికారి మర్యాదగానే రసీదు ఇచ్చాడు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ప్రస్తుత నిబంధనల్లో అవకాశం లేదు. వకీలమ్మ ఆ జవాబునే హైకోర్టు పిటిషన్‌కు జత చేసింది. ఇంకొన్ని జంటల కాగితాలతో పాటు అదీ అక్కడ ఉంది. ఇప్పటికి కొన్ని వాయిదాలు పడ్డాయి. ఇంకా తేలలేదు.

ఆ మధ్య మా సంఘం మహాసభ మళ్లీ జరిగింది. అప్పటికి నేను పదవిలో లేను. ప్రతినిధుల చర్చలో అయిదు నిమిషాలు అడిగి మైకు తీసుకున్నాను. పోయినసారి పత్రంలో ఉన్న ఒక డిమాండును నేను చదవకుండా మడిచేశానని చెప్పాను, చదివాను. హాల్లో కొంతమంది నవ్వారు. కొంతమంది భోజనాలకు లేచారు. ఒక చిన్న వయసు టీచరమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టి, ఇంకెవరూ కొట్టకపోయేసరికి ఆపేసింది. 'పరిశీలనకు పంపడమైనది' అని మినిట్స్‌లో రాశారు. ఆ పరిశీలన ఏమవుతుందో సంఘంలో అన్నేళ్లు ఉన్నవాణ్ణి, నాకు తెలియనిది కాదు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. అంతా విన్నది.

"ఆమె పేరు సెప్పినవా?" అని అడిగింది.

నేను ఆలోచించాను. అయిదు నిమిషాల్లో నియమాలు చెప్పాను, నా తప్పు చెప్పాను. మేడం పేరు ఎక్కడా రాలేదు. నాకు గుర్తుకే రాలేదు.

"లేదక్కా."

అవతల మగ్గం చప్పుడు ఆగింది. "నీ తప్పు నువ్వు సెప్పుకున్నవ్. మంచిగైంది. గాని అండ్ల కూసున్నోళ్లు సగం మంది ఆమెతోటి పనిచేసినోళ్లే గద సారూ. ఒక్కసారి పేరు అంటే, అందరికి మొహం కనపడుతుండె."

మళ్లీ మగ్గం మొదలైంది. బుధవారం వాయిదా ఉందని, హైదరాబాదు బస్సు పొద్దున ఆరింటికని చెప్పింది. నేను వస్తానన్నాను. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.